ప్రత్యక్ష గుడారం కొలతలు, ఉన్నత స్థలాలు, అరాదు గుడి: ఇశ్రాయేలీయుల ఆరాధనలో 'పరిశుద్ధ స్థలం' అంటే ఏమిటి?

నమూనాపని:
నిర్గమకాండం 25 నుంచి 27 అధ్యాయాల ప్రకారం ప్రత్యక్ష గుడారానికి (ఇశ్రాయేలీయులు ఎడారిలో మోసుకెళ్లిన ఆరాధనా డేరాకి) 1:10 నమూనా గీస్తున్నాను. రెండు చోట్ల లెక్క కుదరడం లేదు.

ఒకటి: వెనక, అంటే పడమటి వైపు పలకలు ఆరు. ఒక్కోటి మూరన్నర. మొత్తం 9 మూరలే వస్తోంది. గది వెడల్పు 10 మూరలని అందరూ రాస్తారు.

రెండు: సన్ననార తెరలు 28 మూరల పొడవు. పైకప్పు 10, అటు పది ఇటు పది గోడలు అంటే 30 కావాలి. రెండు మూరలు తక్కువ పడుతున్నాయి.

అసలు సందేహం వేరే ఉంది. ఇంత చిన్న డేరాకి ఇన్ని అధ్యాయాల కొలతలు ఎందుకు? ఆకాశాలు పట్టని దేవుడికి పది మూరల గదితో పనేమిటి? తెలిసినవాళ్లు చెప్పండి.

మూరకోల:
ముందు మూర సంగతి తేల్చుకుందాం. యెరూషలేములో యూదా రాజు హిజ్కియా కాలపు సిలోయము సొరంగంలో దొరికిన శాసనం దాని పొడవు 1200 మూరలని చెబుతోంది. ఇప్పుడు కొలిస్తే సుమారు 533 మీటర్లు. అంటే మూర 44 సెంటీమీటర్ల పైచిలుకు. మన మోచేతి మూర కూడా అంతే కాబట్టి తెలుగు బైబిలులో ఆ మాట చక్కగా కుదిరింది. యెహెజ్కేలు 40:5లోది మాత్రం 'మూరెడు బెత్తెడు' కొలత, దాన్ని ఇక్కడ కలపకండి. మీ నమూనాలో మూరకు 4.5 సెం.మీ. పెట్టుకుంటే చాలు.

వెనక గోడ: ఆరు పలకలకు తోడు మూలలకు మరో రెండు ఉన్నాయి (26:23). మొత్తం ఎనిమిది, 12 మూరలు. మధ్యయుగపు యూదు వ్యాఖ్యాత రాషీ లెక్క ఇలా సాగుతుంది: పలక మందం ఒక మూర అనుకుంటే, రెండు మూలపలకల్లో ఒక్కోదానిలో అరమూర గది లోపలికి కనబడుతుంది, మిగతా మూర పక్కగోడ మందాన్ని కప్పేస్తుంది. 9కి రెండు అరమూరలు కలిపితే లోపల సరిగ్గా 10.

తెర: రెండు మూరలు తక్కువ పడటం పొరపాటు కాదు. పలకలు పలచనివైతే సన్ననార తెర అటూ ఇటూ 9 మూరలు దిగి, నేలకు మూరెడు పైన ఆగిపోతుంది. దానిమీద వేసే మేకవెండ్రుకల తెర 30 మూరలు, అది నేలను తాకుతుంది. కెరూబులు (రెక్కలున్న పరలోక జీవుల రూపాలు) నేసిన లోపలి బట్టకు పక్కగోడల దగ్గర మట్టి అంటదు.

పొడవు లెక్క ఇంకా ముచ్చటగా ఉంటుంది. సన్ననార తెరలు పది, ఒక్కోటి 4 మూరల వెడల్పు. అయిదేసి కలిపి కుట్టి, ఆ రెండు భాగాలను ఒక్కో అంచుకు 50 కొలుకులు (ఉచ్చులు), 50 బంగారు గుండీలతో జతచేయాలి. వాకిలి నుంచి పరిస్తే ఆ అతుకు సరిగ్గా 20 మూరల దగ్గర పడుతుంది. రెండు గదులను వేరుచేసే అడ్డతెర 'ఆ గుండీల క్రింద' వేలాడాలని 26:33 చెబుతోంది. పరిశుద్ధ స్థలం 20 మూరలు, అతి పరిశుద్ధ స్థలం 10 మూరలు అని ఎక్కడా నేరుగా రాసిలేదు. అది ఈ గుండీల వల్లే తేలుతుంది.

మేకవెండ్రుకల తెరలు పదకొండు. ఆరో తెరను ముందువైపు మడవాలి (26:9). మడిస్తే రెండు మూరలవుతుంది, దాంతో దాని అతుకు 22 మూరల దగ్గర పడుతుంది. కింది అతుకు మీద పై అతుకు రాదు, నీళ్లు దిగవు. చాలా నమూనాల్లో ఈ మడత వదిలేసి, రెండు అతుకులూ ఒకే గీత మీద పెడతారు. అలా చేస్తే వెనక 12వ వచనంలో చెప్పిన 'మిగిలిన సగము తెర' ఎక్కడిదో అర్థం కాదు.

మీ కొలతలో సన్ననార తెర ఒక్కోటి 126 × 18 సెం.మీ., మేకవెండ్రుకలది 135 × 18. అడ్డతెర వాకిలికి 90 సెం.మీ. లోపల.

నమూనాపని:
మూలల లెక్క ఇప్పుడు తెలిసింది. అయితే పలకలను 4.5 సెం.మీ. మందం చెక్కతోనే కోయించమంటారా?

మూరకోల:
వద్దండి. రాషీ లెక్క జ్యామితికి కుదురుతుంది గాని బరువుకు కుదరదు. పలక ఎత్తు 10 మూరలు, వెడల్పు మూరన్నర, మందం మూర అంటే 4.5 × 0.675 × 0.45 మీటర్లు, దాదాపు 1.37 ఘనపు మీటర్లు. తుమ్మకర్ర ఘనపు మీటరుకు 700 కిలోలు వేసుకున్నా పలకకు 950 కిలోలు దాటుతుంది. 48 పలకలకు 45 టన్నుల పైమాటే. సంఖ్యాకాండం 7:8లో పలకలు మోసే లేవీయ వంశం మెరారీయులకు ఇచ్చింది నాలుగు బండ్లు, ఎనిమిది ఎద్దులు. బండికి జత ఎద్దులు 11 టన్నులు లాగవు. పైగా వెండి దిమ్మలు వంద, ఒక్కోటి ఒక తలాంతు. తలాంతుకు సుమారు 34 కిలోలు, అదో మూడున్నర టన్నులు.

మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ నాలుగు వేళ్ల మందమన్నాడు. దాంతో బరువు బాగా తగ్గుతుంది. కెనెడీ అనే స్కాటిష్ పండితుడు అసలివి నిండు పలకలే కావని, నిచ్చెన లాంటి చట్రాలని వాదించాడు. రెండు నిలువు కర్రలు, వాటిని కలిపే అడ్డపట్టీలు, కింద రెండు కుసులు. నాకు ఇదే సరైనదనిపిస్తుంది. దీనికి బరువొక్కటే ఆధారం కాదు. నిండు పలకలైతే బంగారు రేకు వెనక కెరూబుల తెర మొత్తం దాక్కుంటుంది, పైకప్పులో తప్ప కనబడదు. చట్రాలైతే మూడు గోడల మీదా కెరూబులు కనిపిస్తాయి. అంత పనితనంతో నేసిన బట్టను ఎవరూ చూడని చోట పెడతారా?

లేవీ_16:
పెద్ద ప్రశ్నకు నేను చెబుతాను. జవాబు ఆ కొలతల్లో, లోహాల్లో, బట్టల్లోనే ఉంది. వ్యాఖ్యాతలు ఒక్కో రంగుకు ఒక్కో గుణం అంటగట్టి అసలు సంగతి వదిలేస్తారు.

ఆవరణం 100 × 50 మూరలు. దాని స్తంభాల దిమ్మలు ఇత్తడి. గుడారం పలకల దిమ్మలు వెండి. లోపలి ఉపకరణాలు బంగారం. ఇప్పుడు గడపలను గమనించండి. గుడారపు వాకిలి స్తంభాలు అయిదు, వాటికి బంగారు రేకు ఉన్నా దిమ్మలు మాత్రం ఇత్తడి (26:37). అడ్డతెర స్తంభాలు నాలుగు, వాటి దిమ్మలు వెండి. అంటే వాకిలి సగం ఆవరణానికి, సగం గుడారానికి చెందినట్టు చేశారు. గుండీలూ అంతే: సన్ననార తెరకు బంగారం, దానిమీది మేకవెండ్రుకల తెరకు ఇత్తడి. మందసం (అతి పరిశుద్ధ స్థలంలోని పవిత్ర పెట్టె) నుంచి ఎంత దూరం జరిగితే లోహం అంత దిగుతుంది.

బట్ట కూడా అలాగే. అడ్డతెర మీద కెరూబులుంటాయి. వాకిలి తెర మీద, ఆవరణపు తెర మీద ఉండవు. హీబ్రూలో ఆ రెండు రకాల పనికీ వేర్వేరు మాటలున్నాయి.

ఇక ముఖ్యమైనది: ఉన్ని, నార కలిపి నేసిన బట్ట సామాన్యులకు నిషిద్ధం (ద్వితీయోపదేశకాండం 22:11). కాని ప్రధానయాజకుడు పైన వేసుకునే ఏఫోదు అనే వస్త్రంలో రంగు ఉన్నిదారం, సన్ననార కలిసే ఉంటాయని సంప్రదాయ వ్యాఖ్యానం. ఆ కలయిక చెడ్డదని కాదు, అది లోపలి గదికి చెందినదని నిషేధం. అభిషేక తైలమూ, ధూపద్రవ్యమూ అంతే. వాటి పాళ్లు నిర్గమకాండం 30లో రాసిచ్చి, అదే పాళ్లలో ఇంటికి చేసుకున్నవాణ్ని కొట్టివేయాలన్నారు. కాబట్టి నమూనాపని గారూ, నమూనా పక్కన వాసన కోసం అదే కలిపి పెట్టాలన్న ఆలోచన ఉంటే మానేయండి. ఆ వచనాన్ని గౌరవించేవాళ్లు బాధపడతారు.

కృష్ణాతీరం:
చదువుతుంటే మన గుడి ప్రాకారం, మండపం, అంతరాళం, గర్భగుడి వరస గుర్తొస్తోంది. లోపలికి వెళ్లేకొద్దీ ఇరుకు, చీకటి, ప్రవేశం కొద్దిమందికే. కాని మనకు లోపల మూర్తి ఉంటుంది. ఇక్కడ లేదు. మరి అంత కాపలా దేనికి?

లేవీ_16:
మంచి ప్రశ్న. లోపల మందసం, దానిమీద మూతగా కరుణాపీఠం, రెండు కెరూబులు. కూర్చునే చోటు ఉంది, కూర్చున్న రూపం లేదు. ఇశ్రాయేలు మతంలో ఇదే ప్రత్యేకత. క్రీ.పూ. 63లో రోమా సేనాని పాంపే యెరూషలేము దేవాలయపు లోగదిలోకి చొరబడితే అక్కడ ఏ విగ్రహమూ కనబడలేదని రోమా చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. అప్పటికి మందసం కూడా లేదు.

కాపలా దేనికంటే, ఆ స్థలం అపవిత్రం కాగలదు. లేవీయకాండం చెప్పే ప్రమాదం అదే. 15:31 చూడండి: తమ మధ్యనున్న మందిరాన్ని అపవిత్రపరచి చావకుండా జనాన్ని అపవిత్రతకు దూరంగా ఉంచాలి. అపవిత్రత ఎక్కడో ఇంట్లో జరిగినా మందిరానికి అంటుకుంటుంది. లేవీయకాండ వ్యాఖ్యాత జేకబ్ మిల్‌గ్రమ్ దీన్ని చాలా స్పష్టంగా వివరించాడు. పాపపరిహారార్థ బలి రక్తాన్ని పాపం చేసిన మనిషి మీద ఎక్కడా పూయరు. స్థలానికే పూస్తారు. ఎక్కడ పూస్తారన్నది పాపం తీవ్రతను బట్టి మారుతుంది:

ఒక మనిషి గాని అధికారి గాని తెలియక తప్పుచేస్తే, ఆవరణంలోని బలిపీఠపు కొమ్ములకు (లేవీ 4:25, 30).

అభిషిక్త యాజకుడో సమాజమంతానో తప్పుచేస్తే, రక్తం గుడారం లోపలికి వెళ్తుంది. అడ్డతెర ఎదుట ఏడుసార్లు చిలకరింపు, ధూపవేదిక కొమ్ములకు పూత (4:6-7, 17-18).

తెలిసి చేసిన తిరుగుబాటు అతి పరిశుద్ధ స్థలం దాకా చేరుతుంది. దానికి ఏడాదికొక్క రోజు: కరుణాపీఠం మీద ఒకసారి, దాని ఎదుట ఏడుసార్లు (16:14). ఆ రోజు ప్రధానయాజకుడు బంగారపు ఏఫోదు వేసుకోడు, ఉత్త నారబట్టలే. ముందు ధూపార్తి నిండా నిప్పులు, పిడికిళ్లతో ధూపద్రవ్యం తీసుకెళ్లి లోపల పొగ కమ్మేలా చేయాలి. పొగ కమ్మకముందే చూస్తే చస్తాడు.

ఆ గదిని శుద్ధి చేస్తూ ఉండకపోతే దేవుని మహిమ అక్కడ నిలవదు. యెహెజ్కేలు 8 నుంచి 11 అధ్యాయాల్లో జరిగేది అదే. దేవాలయంలో హేయకృత్యాలు పేరుకుని, మహిమ గడప దాటి, తూర్పు గుమ్మం దాటి, పట్టణం వదిలి కొండమీదికి పోతుంది.

అలెఫ్_తావ్:
లేవీ_16 గారి వివరణకు ఒక సవరణ. మిల్‌గ్రమ్ మాటే చివరిమాట కాదు. రాయ్ గేన్ అనే పండితుడు వ్యాకరణం చూపి అభ్యంతరం చెప్పాడు. లేవీ 4:26లో 'అతని పాపము నుండి' అనే అర్థంలో 'మిన్' అనే హీబ్రూ మాట వస్తుంది, శుద్ధి పొందేది ఆ మనిషే. 16:16లో అదే 'మిన్' వచ్చినప్పుడు శుద్ధి పొందేది స్థలం. కాబట్టి ఏడాది పొడుగునా బలులు మనిషిని శుద్ధి చేస్తాయి, ఆ భారం మందిరం మీదికి చేరుతుంది, ఏడాదికోసారి మందిరం దాన్ని దించుకుంటుంది. నాకు ఈ వాదన బలంగా కనిపిస్తుంది.

ఇంకొకటి. మనం ఒకే గుడారం గురించి మాట్లాడుతున్నట్టు అనుకోకండి. 'మిష్కాన్' అంటే నివాసం, 'షాకన్' అనే ధాతువు నుంచి. 'ఓహెల్ మోఏద్' అంటే కలుసుకునే గుడారం. నిర్గమకాండం 33:7-11 చూస్తే ఆ గుడారం పాళెం వెలుపల, దూరంగా ఉంది. యెహోవాను వెదకేవాళ్లెవరైనా అక్కడికి వెళ్లొచ్చు. దాన్ని విడువకుండా ఉన్నది లేవీయుడు కాదు, ఎఫ్రాయిము గోత్రపు యెహోషువ. బలిపీఠం మాటే లేదు. మేఘం దిగుతుంది, మాట్లాడుతుంది, పోతుంది. సంఖ్యాకాండం 2లో మాత్రం గుడారం పాళెం నడిమధ్యన, చుట్టూ లేవీయులు, వాళ్ల చుట్టూ పన్నెండు గోత్రాలు. ఒకటి దేవుడు వచ్చిపోయే చోటు, ఒకటి ఉండే చోటు. ద్వితీయోపదేశకాండం మూడో మాట చెబుతుంది: అక్కడ ఉండేది ఆయన నామం. సొలొమోను ప్రార్థనలో 'ఆకాశ మహాకాశములు సహితము నిన్ను పట్టజాలవు' అన్నది (1 రాజులు 8:27) ఈ మూడో వరసలోదే. నమూనాపని గారు అడిగిన ప్రశ్న బైబిలు లోపలే ఉంది.

దేవాలయానికి 'హేఖాల్' అని కూడా అంటారు. అది సుమేరు భాషలో 'పెద్ద ఇల్లు' అనే మాట నుంచి అక్కదు మీదుగా వచ్చింది. రాజభవనానికీ అదే మాట. మన కోవెలలోని 'కో' కూడా రాజే కదా.

తవ్వకం_గట్టు:
ఇప్పటిదాకా చర్చ గ్రంథం మీదే నడిచింది. మట్టిలో ఏముందో కూడా చూడాలి. 'ఉన్నత స్థలము' అన్న మాటతో మొదలెడతాను, తెలుగు చదువరులను బాగా తప్పుదారి పట్టించేది ఇదే. హీబ్రూలో 'బామా', అంటే ఊళ్లలోని ఆరాధనా స్థలం. కొండ మీదే ఉండాలని లేదు. యిర్మీయా 7:31లో లోయలో ఉంది, 2 రాజులు 17:29లో పట్టణాల్లో ఉంది, 23:8లో ఊరి గుమ్మం దగ్గర ఉంది. 1 సమూయేలు 9లో బామా దగ్గర ముప్పైమంది కూర్చుని తినే భోజనశాల కూడా ఉంది. అక్కడ బలిని ఆశీర్వదించేది సమూయేలే, తప్పని ఎవరూ అనలేదు.

అరాదు: నెగెబు ఎడారిలో యూదా రాజుల కోట. యోహానన్ అహరోని 1962 నుంచి 1967 దాకా తవ్వాడు. కోట లోపలే ఒక గుడి. తూర్పున ఆవరణం, అందులో చెక్కని రాళ్లు, మట్టితో కట్టిన బలిపీఠం. ఆపైన అడ్డంగా వెడల్పైన గది, పడమటి గోడలో గూడు. ఆ గూటి మెట్ల దగ్గర రెండు రాతి ధూపవేదికలు, లోపల నిలువురాయి. ఎన్ని రాళ్లు నిలిపి ఉండేవన్న దానిపై ఇంకా వాదన ఉంది. వేదికల పైన మాడిన పదార్థాన్ని పరీక్షించి 2020లో ఫలితం ప్రకటించారు. పెద్దదానిపై సాంబ్రాణి, జంతువుల కొవ్వుతో కలిపింది. చిన్నదానిపై గంజాయి, పేడతో కలిపింది. కొవ్వు, పేడ ఎందుకంటే మంట వేడిని అదుపులో పెట్టడానికి. సాంబ్రాణికి ఎక్కువ వేడి కావాలి, గంజాయికి తక్కువ.

ఇప్పుడు తేడా చూడండి. యెరూషలేము దేవాలయం 60 మూరల పొడవు, 20 వెడల్పు, వరసగా మంటపం, హేఖాల్ (ముందు గది), దెబీర్ (లోగది) అనే నిడుపాటి కట్టడం. సిరియాలోని ఐన్ దారా గుడి దానికి దగ్గరి పోలిక. అరాదుది అడ్డగది. అదే యూదా రాజ్యం, అదే దేవుడు, తూర్పు పడమరల వరస అదే, కట్టడం తీరు వేరు.

బెయేర్షెబా: 1973లో కొమ్ముల బలిపీఠపు రాళ్లు ఒక గిడ్డంగి గోడలో వాడేసినవి దొరికాయి. అవి నున్నగా చెక్కిన రాళ్లు. చెక్కిన రాళ్లతో బలిపీఠం కట్టకూడదని నిర్గమకాండం 20:25. ఎవరో కట్టారు, ఎవరో పీకి గోడలో పెట్టారు.

మోట్సా: యెరూషలేముకు ఏడు కిలోమీటర్ల లోపే. 2012లో రోడ్డు పనికి ముందు తవ్వితే క్రీ.పూ. 9వ శతాబ్దం నాటి గుడి బయటపడింది.

కృష్ణాతీరం:
ఇవి విగ్రహారాధకుల గుళ్లు కావచ్చు కదా? యెహోవాకే కట్టారని ఎలా చెప్పగలం?

తవ్వకం_గట్టు:
మోట్సా విషయంలో మీ అనుమానం న్యాయమే. అక్కడ మట్టిబొమ్మలు కూడా దొరికాయి, ఏ దేవుడిదో చెప్పే రాత లేదు. అరాదు అలా కాదు. అది రాజు కోట, అక్కడి రాతపెంకుల్లో (రాత ఉన్న కుండపెంకుల్లో) యెహోవా పేరు కలిసిన మనుషుల పేర్లు నిండుగా ఉన్నాయి. ఒక పెంకులో 'అతడు యెహోవా ఇంట్లో ఉన్నాడు' అని కూడా ఉంది. దాన్ని చూపించి 'అదిగో అరాదు గుడి' అనేవాళ్లున్నారు, అది పొరపాటు. ఆ పెంకు క్రీ.పూ. 600 ప్రాంతానిది. అరాదు గుడి అంతకు చాలా ముందే మూతబడింది. ఆ ఇల్లు యెరూషలేముదే అయ్యుండాలి.

మూతబడిన తీరు చూడండి. వేదికలను పగలగొట్టలేదు. పక్కకు వాల్చి, మట్టితో కప్పేశారు. దీన్ని ఉన్నత స్థలాలను కొట్టేయించిన హిజ్కియా సంస్కరణతో (2 రాజులు 18:4) ముడిపెడతారు. లాకీషు అనే యూదా పట్టణపు గుమ్మంలో వేరే తీరు. 2016లో ప్రకటించిన తవ్వకంలో గుమ్మపు గదిలో కొమ్ములు కొట్టేసిన వేదికలు, పక్కన బొక్క ఉన్న రాతి మరుగుదొడ్డి పీట. పరీక్షిస్తే దాన్ని ఎవరూ వాడిన ఆనవాలు లేదు. అవమానించి మూయడానికే పెట్టారని తవ్వినవాళ్ల అభిప్రాయం. ఇశ్రాయేలు రాజు యెహూ, బయలు అనే దేవుడి గుడిని మరుగుదొడ్డి చేశాడన్న 2 రాజులు 10:27 చదివితే ఆ పని ఏమిటో తెలుస్తుంది. ఒకచోట గౌరవంగా పాతిపెట్టడం, ఒకచోట మైలపరచడం. పరిశుద్ధమని నమ్మిన స్థలాన్ని మామూలు చోటుగా మార్చడానికి కూడా ఒక క్రియ కావలసివచ్చింది.

ఐగుప్తులోని ఎలిఫంటైన్ ద్వీపం కూడా తీసుకోవాలి. అక్కడి యూదు సైనికులకు యెహోవా గుడి ఉండేది. క్రీ.పూ. 410లో ఖ్నూమ్ అనే ఐగుప్తు దేవుడి పూజారులు అక్కడి అధికారిని కలుపుకుని దాన్ని కూల్చారు. 407లో తిరిగి కట్టుకోవడానికి సాయం చేయమని యూదా అధికారికి రాసిన అరామిక్ ఉత్తరం మన చేతిలో ఉంది. అయిదు రాతి గుమ్మాలు, ఇత్తడి కీళ్లు, దేవదారు పైకప్పు అంటూ పోయినవన్నీ లెక్కరాశారు. వచ్చిన జవాబులో నైవేద్యం, ధూపం పెట్టుకోమన్నారు. దహనబలి మాట ఎత్తలేదు. ఒక్క మాట రాయకపోవడంతోనే ఆ గుడి స్థాయి తేల్చేశారు.

మూరకోల:
దీనికి తోడు ఒక ఆచరణ సమస్య. ద్వితీయోపదేశకాండం 12 ఒక్కచోటే బలి అన్నది. అంతకుముందు ఊరి బామాలో మేకను బలిచ్చి తినేవాళ్లు. ఇప్పుడు దూరపు ఊరివాడు మాంసం తినాలంటే యెరూషలేము దాకా నడవాలా? అందుకే 12:15లో ఇంటి దగ్గరే కోసుకోవడానికి అనుమతి వచ్చింది, రక్తం మాత్రం నేలమీద నీళ్లలా పారబోయాలి. లేవీ 17:3-4 దీనికి ఎదురుగా నిలుస్తుంది: గుడారం దగ్గరికి తేకుండా వధిస్తే అది రక్తం చిందించిన నేరం. స్థలం ఒక్కటైపోగానే వంటింటి మాంసానికీ బలికీ ఉన్న బంధం తెగింది.

నమూనాపని:
చట్రాలే చేస్తాను. రెండు సందేహాలు మిగిలాయి. తెలుగు బైబిలులో తులం అన్నది మన తులమేనా? లోపలి గదిలో చిన్న బల్బు పెట్టాలనుకుంటున్నాను, మందసం కనబడాలి కదా.

మూరకోల:
అక్కడ తులం అంటే షెకెలు. యూదాలో దొరికిన తూకపురాళ్లను బట్టి సుమారు 11.3 గ్రాములు. మన పాత తులం 11.66. అనువాదకులు ఎంచుకున్న మాట దాదాపు సరిపోయింది. నిర్గమకాండం 38:25-28 మీరే వేసి చూడండి: 6,03,550 మందికి అర షెకెలు చొప్పున 3,01,775. వంద తలాంతులు వంద దిమ్మలకు పోతే, తలాంతుకు 3000 చొప్పున 3,00,000. మిగిలిన 1775 కొక్కేలకు, పెండెబద్దలకు (స్తంభాల పట్టీలకు). ఒక్క షెకెలు తేడా రాదు. ఆ గుడారం నిలిచింది తలకు అర షెకెలు ఇచ్చిన జనం వెండి మీదే, ధనికుడికీ పేదకూ ఒకటే రేటు (30:15).

లేవీ_16:
బల్బు వద్దండి. దీపవృక్షం అడ్డతెరకు ఇవతల, దక్షిణం వైపు. అవతల దీపమేదీ లేదు. 'గాఢాంధకారమందు నివాసము చేయుదునని యెహోవా సెలవిచ్చెను' అని 1 రాజులు 8:12. వెనకవైపు తెర ఎత్తి చూసే వీలు పెట్టండి, మందసం మోతకర్రలు మాత్రం దాని ఉంగరాల్లోంచి తీసి పక్కన పెట్టకండి. నిర్గమకాండం 25:15లో అవి ఎప్పుడూ ఉంగరాల్లోనే ఉండాలని ఉంది.